తీగ తెగినా తీరని ముప్పు

బ్యాటరీ డ్రిల్లూ గ్రైండరూ భిలాయ్ ఇళ్లలోకి వచ్చేశాయి. ఉక్కు కర్మాగారంలో పాటించే జాగ్రత్తలు మాత్రం ఇంకా గేటు దగ్గరే ఆగిపోతున్నాయి

ఏటా సెప్టెంబరు 17న భిలాయ్‌లో యంత్రాలకు విశ్రాంతి. ఆ రోజు విశ్వకర్మ పూజ. తెలుగువాళ్లు దసరాకు చేసే ఆయుధ పూజను ఈ ఉక్కు నగరం కాస్త ముందే ముగించేస్తుంది. నందినీ రోడ్డు వెంట వెల్డింగ్ షాపుల్లో, సుపేలాలో కిటికీ గ్రిల్స్ చేసే దుకాణాల్లో లేత్ మిషన్‌నూ వెల్డింగ్ సెట్‌నూ శుభ్రంగా తుడిచి బొట్టు పెడతారు. బంతిపూల దండ వేస్తారు. కొబ్బరికాయ కొడతారు. చేతిలో ఇమిడే గ్రైండర్‌కూ ఆ వరుసలో చోటుంటుంది. దగ్గరకు వెళ్లి చూస్తే చాలావాటికి ఓ భాగం కనబడదు. తిరిగే చక్రాన్ని సగానికి కప్పి ఉంచాల్సిన ఇనుప రేకు అది. దాన్ని గార్డు అంటారు. పనికి అడ్డొస్తోందని కొన్న కొత్తలోనే ఊడదీసి పక్కన పడేసి ఉంటారు. దేవుడికి దండం పెట్టిన చేతులే మర్నాడు ఆ గార్డు లేని గ్రైండర్‌ను పట్టుకుంటాయి.

భిలాయ్ భద్రత గురించి తెలియని ఊరేమీ కాదు. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందంతో పుట్టిన కర్మాగారం ఇది. 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. అప్పటి నుంచి మూడు తరాలు ఈ ఊళ్లో ఇనుముతోనే బతికాయి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి పనికోసం వచ్చి ఇక్కడే ఉండిపోయిన తెలుగు కుటుంబాలు వాటిలో బోలెడు. సెక్టార్ 5లోని బాలాజీ గుడి వాళ్ల చిరునామా లాంటిది. ఆ ఇళ్లలో తాత ఫిట్టరైతే తండ్రి క్రేన్ ఆపరేటరు. గేటు లోపల హెల్మెట్ లేకుండా, ఉక్కు ముక్కు బూట్లు లేకుండా తిరగకూడదని ఆ ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. అదే మనిషి ఆదివారం నాడు క్వార్టర్ వరండాలో పాత ఇనుప మంచం కాలు కోయడానికి కూర్చుంటే కాళ్లకు హవాయి చెప్పులు, ఒంటిమీద లుంగీ, మెడలో ఛత్తీస్‌గఢ్ ఎండకు తప్పనిసరైన గమ్ఛా ఉంటాయి. కళ్లకు ఏమీ ఉండదు.

ఈ ఆదివారం పనులు ఇటీవల బాగా పెరిగాయి. కారణం బ్యాటరీ. ఒకప్పుడు గోడకు రంధ్రం వేయించాలంటే మిస్త్రీని పిలవాలి, పొడవాటి ఎక్స్‌టెన్షన్ వైరు కావాలి. ఇప్పుడు ప్లాస్టిక్ పెట్టెలో డ్రిల్లు, గ్రైండర్, రెండు బ్యాటరీలు, ఒక చార్జరు కలిపి ఇంటికే వచ్చేస్తున్నాయి. ‘గ్రైండర్’ అంటే ఇడ్లీ పిండి రుబ్బేది మాత్రమే అనుకునే తెలుగు ఇల్లాలికి ఆ పేరుతో ఇంకో యంత్రం ఇంట్లోకి వచ్చిందని మొదటిసారి నిప్పురవ్వలు చూశాకే తెలుస్తుంది.

నిజానికి ఈ రెండు పనిముట్ల చరిత్రా పెద్ద పాతదేమీ కాదు. పిస్తోలు ఆకారంలో పిడి, దానికి ట్రిగ్గరు ఉన్న కరెంటు డ్రిల్లుకు అమెరికాలో బ్లాక్ అండ్ డెక్కర్ సంస్థ 1917లో పేటెంటు పొందింది. అదే సంస్థ 1961లో తీగ లేని డ్రిల్లు తెచ్చింది. కోణాకారపు తలతో ఉండే చేతి గ్రైండర్ జర్మనీలో 1954లో ఒక చిన్న కంపెనీ చేతుల్లో రూపుదిద్దుకుంది. ఆ కంపెనీ పేరు ఫ్లెక్స్. జర్మన్లు ఇప్పటికీ గ్రైండర్‌ను ఆ పేరుతోనే పిలుస్తారు. 2000 దశకం మధ్యలో లిథియం-అయాన్ బ్యాటరీలు ఈ రంగంలోకి దిగాకగానీ గ్రైండర్ లాంటి కరెంటు మింగే యంత్రం తీగ తెంచుకోలేకపోయింది.

తీగ పోయినందువల్ల లాభం లేకపోలేదు. వానాకాలంలో తడి నేల మీద అతుకుల వైరు లాక్కుంటూ పనిచేసే బాధ తప్పింది. చక్రం కింద పడి వైరు తెగే ప్రమాదమూ పోయింది. కానీ ఆ తీగ కళ్లెం లాంటి పని కూడా చేసేది. అది అందినంత దూరమే మనిషి వెళ్లగలిగేవాడు. ఇప్పుడు నిచ్చెన చివరికి, రేకుల కప్పు మీదికి, నీళ్ల ట్యాంకు పైకి గ్రైండర్ చేతిలో పట్టుకుని ఎక్కేయొచ్చు. ఒక చేత్తో నిచ్చెన, ఇంకో చేత్తో గ్రైండర్. ఈ దృశ్యం తీగ ఉన్న రోజుల్లో అరుదు.

తీగతోపాటు ఇంకొకటి కూడా పోయింది. ప్లగ్గు పీకడం అనే అలవాటు. చక్రం మార్చాలన్నా, బిట్టు మార్చాలన్నా ముందు గోడలోంచి ప్లగ్గు లాగేవాళ్లు. బ్యాటరీ యంత్రానికి ప్లగ్గు లేదు కాబట్టి లాగేదేమీ లేదనిపిస్తుంది. స్విచ్చి ఆపితే ఆగిపోయింది కదా అనుకుని ఒడిలో పెట్టుకుని చక్రం విప్పుతారు. బ్యాటరీ లోపల ఉన్నంతసేపూ ఆ యంత్రం కరెంటులో ఉన్నట్టే. మోకాలు తగిలినా, పెట్టెలోని స్పానరు ఒత్తుకున్నా తిరుగుతుంది. కాబట్టి బ్యాటరీ పెట్టి ఉంటే ప్లగ్గు పెట్టినట్టు, తీసేస్తే పీకినట్టు. చక్రం, బిట్టు, గార్డు, పక్క పిడి వీటిలో దేన్ని ముట్టుకోవాలన్నా ముందు బ్యాటరీ బయటికి రావాలి. పని అయ్యాక పెట్టెలో సర్దేటప్పుడూ అంతే. ఇంట్లో పిల్లలుంటే బ్యాటరీ ఒక చోట, యంత్రం ఇంకో చోట.

గ్రైండర్‌లో ఇంకో తిరకాసు ఉంది. చాలా మోడళ్లలో స్విచ్చి ముందుకు తోస్తే అలాగే బిగుసుకుని ఉండిపోతుంది. కోత మధ్యలో బ్యాటరీ అయిపోతే చక్రం ఆగుతుంది, స్విచ్చి మాత్రం ఆన్‌లోనే ఉంటుంది. పనివాడు ఆ సంగతి మరిచి కొత్త బ్యాటరీ తోస్తాడు. మంచి యంత్రమైతే స్విచ్చి ఒకసారి ఆపి మళ్లీ వేసేదాకా కదలదు. చవకదానికి ఆ తెలివి ఉండదు. బ్యాటరీ పడీ పడగానే చేతిలో చక్రం తిరగడం మొదలవుతుంది. అదీ ఒక చేయి బ్యాటరీ దగ్గర, ఇంకో చేయి ఎక్కడో పట్టుకుని ఉన్నప్పుడు. కొనేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న ధర కాదు, ఇదే. వేలు తీయగానే ఆగిపోయే తెడ్డు లాంటి స్విచ్చి ఉన్న మోడల్ దొరికితే ఇంకా మేలు.

ఈ సూత్రం భిలాయ్ కార్మికుడికి కొత్తగా చెప్పనక్కర్లేదు. కర్మాగారంలో ఏ మోటారునో పైపులైనునో ముట్టుకోవాలంటే ముందు షట్‌డౌన్ తీసుకోవాలి, కరెంటు తెంపాలి, అనుమతి కాగితం మీద సంతకాలు పడాలి. ఆగిపోయినట్టు కనిపించే యంత్రంలో, ఖాళీ అనుకున్న గొట్టంలో మిగిలి ఉండేదే మనిషిని చంపుతుంది. ఆ సంగతి ఈ ఊరు చాలా ఖరీదు చెల్లించి తెలుసుకుంది. 2014 జూన్ 12న పంప్‌హౌస్‌లో నీటి పీడనం పడిపోయి, బ్లాస్ట్ ఫర్నేస్ గ్యాస్ వెనక్కి తన్నింది. కార్బన్ మోనాక్సైడ్ పీల్చి ఆరుగురు చనిపోయారు. వాళ్లలో ఇద్దరు డిప్యూటీ జనరల్ మేనేజర్ స్థాయి అధికారులు. 2018 అక్టోబరు 9న కోక్ ఓవెన్ గ్యాస్ పైపులైను దగ్గర మరమ్మతు పని జరుగుతుండగా మంటలు ఎగసి పది మందికి పైగా ప్రాణాలు పోయాయి. ఆ కాలిన గాయాల మనుషులను సెక్టార్ 9 ఆసుపత్రికి తరలించిన రోజును నగరం మరిచిపోలేదు. ఇంతటి అనుభవం ఉన్నచోట కూడా ‘చిన్న మిషనే కదా’ అన్న మాట వినిపిస్తూనే ఉంటుంది.

చిన్న మిషను ఎంత చిన్నదో ఒకసారి లెక్క వేసి చూడొచ్చు. ఇళ్లలో, షాపుల్లో ఎక్కువగా వాడేది నాలుగంగుళాలది, అంటే 100 మిల్లీమీటర్ల చక్రం. అది నిమిషానికి సుమారు 11,000 సార్లు తిరుగుతుంది. చక్రం అంచు ఒక్క చుట్టుకు 31 సెంటీమీటర్లకు పైగా ప్రయాణిస్తుంది. మొత్తం కలిపితే అంచు వేగం గంటకు 200 కిలోమీటర్లు దాటుతుంది. చక్రం పగిలితే ముక్క ఆ వేగంతోనే ఎగురుతుంది. దాన్ని పట్టుకున్న మనిషి ముఖం అరచేతి దూరంలో ఉంటుంది. ఆ రెండింటి మధ్య ఉండాల్సిందే విశ్వకర్మ పూజ నాడు కనబడని గార్డు.

గార్డు ఎందుకు తీస్తారన్నదానికి జవాబు కూడా ఈ లెక్కలోనే ఉంది. ఏడంగుళాల పెద్ద గ్రైండర్‌లో అరిగిపోయిన చక్రాన్ని పారేయడానికి చేయి రాదు. నాలుగంగుళాల దానికి ఎక్కిస్తే ఇంకో వారం నడుస్తుందనిపిస్తుంది. దాని మధ్య రంధ్రం 22 మిల్లీమీటర్లు, చిన్న గ్రైండర్ ఇరుసుకు పట్టే రంధ్రం 16 మిల్లీమీటర్లు. మధ్యలో ఒక వాషరు ఇరికిస్తారు. గార్డు అడ్డొస్తుంది, తీసేస్తారు. కానీ ఏడంగుళాల చక్రం మీద అచ్చు వేసి ఉండే గరిష్ఠ వేగం నిమిషానికి 8,500 చుట్లు. దాన్ని నిండు సైజులో 11,000 దగ్గర తిప్పితే చక్రాన్ని విడగొట్టే బలం ఒకటిన్నర రెట్లు దాటిపోతుంది. వేగం పెరిగిన దామాషాలో కాదు, వేగం వర్గం లెక్కన ఆ బలం పెరుగుతుంది. అరిగిన చక్రానికి అంత ఒత్తిడి రాదని వాదించేవాళ్లుంటారు. వాషరు మీద కాస్త పక్కకు జరిగి, అడ్డదిడ్డంగా ఊగుతూ తిరిగే చక్రానికి ఆ వాదన వినిపించదు. చక్రం మీది అంకె యంత్రం మీది అంకె కన్నా ఎప్పుడూ ఎక్కువే ఉండాలి. నాలుగంగుళాల అసలు చక్రం మీద అది 15,000 పైచిలుకు ఉంటుంది.

ఇంతకన్నా ఘోరమైంది వడ్రంగం పనుల్లో కనిపిస్తుంది. కలప కోసే పళ్ల బ్లేడును గ్రైండర్‌కు తగిలించడం. ప్లైవుడ్డు వెన్నలా తెగుతుంది, అది నిజమే. కానీ రాపిడి చక్రం లోహాన్ని కొద్దికొద్దిగా అరగదీస్తే, పళ్ల బ్లేడు కలపను కొరుకుతుంది. ఒక్క పన్ను కణుపులో ఇరుక్కుంటే మొత్తం యంత్రం చేతిలోంచి విదిలించుకుని మనిషి మీదికి వస్తుంది. తొడ, పొట్ట, మెడ ఏది ఎదురుగా ఉంటే అది. ఆ పనికి వేరే యంత్రం ఉంది, దానికి కలప మీద ఆనే పళ్లెం, తనంతట తాను మూసుకునే గార్డు ఉంటాయి. గ్రైండర్‌కు పళ్ల బ్లేడు పెట్టి జాగ్రత్తగా వాడే పద్ధతి అంటూ ఏదీ లేదు.

చక్రం కొన్నప్పుడు చూడాల్సిన మరో సంగతి దాని మధ్యలోని లోహపు రింగు. నాణ్యమైన చక్రాలకు ఆ రింగు మీద నెల, సంవత్సరం కొట్టి ఉంటాయి. అది తయారైన తేదీ కాదు, గడువు తేదీ. రాపిడి గింజలను పట్టి ఉంచేది రెసిన్ అనే జిగురు. తేమ తగిలినా, ఏళ్లు గడిచినా అది బలం కోల్పోతుంది. మాత్రల డబ్బా మీద తేదీ చూసి కొనే మనుషులు కూడా ఇది చూడరు, ఎందుకంటే అక్కడ తేదీ ఉంటుందని ఎవరూ చెప్పలేదు. కింద పడిన చక్రం, అంచు లేచిన చక్రం, నీళ్లలో నానిన చక్రం ఎంత కొత్తదైనా పనికిరాదు. కొత్తది బిగించాక ఒక నిమిషం పాటు దేనికీ ఆనించకుండా, చక్రం ఎదురుగా కాకుండా పక్కకు నిలబడి వట్టిగా తిప్పి చూడాలి. లోపం ఉంటే చాలావరకు అప్పుడే బయటపడుతుంది.

కోసే చక్రం వేరు, సాన పట్టే చక్రం వేరు. మొదటిది బిస్కట్టు కన్నా పలచన. అంచుతో కోయడానికే తప్ప పక్కవాటంగా ఒత్తితే విరుగుతుంది. రెండోది ఆరు మిల్లీమీటర్ల దాకా మందం ఉండి, వెల్డింగు గడ్డలను కాస్త వంచి అరగదీయడానికి పనికొస్తుంది. కోసిన కడ్డీ అంచు గరుకుగా ఉందని అదే పలచటి చక్రాన్ని అడ్డంగా తిప్పి నున్నన చేయడం షాపుల్లో రోజూ జరిగే పని. రెండు చక్రాలు మార్చడానికి పట్టే రెండు నిమిషాలు మిగిలించుకోవడం కోసం అలా చేస్తారు.

కోతలో చక్రం ఎందుకు ఇరుక్కుంటుందో తెలిస్తే సగం ప్రమాదం తప్పినట్టే. పైపును రెండు చివర్లా దిమ్మల మీద పెట్టి నడుమ కోస్తే, కోత లోతయ్యేకొద్దీ పైపు బరువుకు కిందికి కుంగి కోత మూసుకుంటుంది. చక్రాన్ని పళ్లమధ్య పట్టినట్టు పట్టేస్తుంది. అదే పైపును ఒకవైపు గట్టిగా బిగించి, తెగిపోయే ముక్కను గాలిలో వేలాడేట్టు ఉంచితే కోత విచ్చుకుంటూ పోతుంది. పనిని కాలికింద తొక్కిపెట్టి కోయడమూ మానాలి. క్లాంపు ఖరీదు కాలివేళ్ల ఖరీదు కన్నా తక్కువే. యంత్రాన్ని రెండు చేతులతో, పక్క పిడితో సహా పట్టుకోవాలి. చక్రం తిరిగే వరుసలో తల పెట్టకూడదు. స్విచ్చి ఆపాక కూడా చక్రం కొన్ని క్షణాలు తిరుగుతూనే ఉంటుంది. చప్పుడు తగ్గిందని నేల మీద పెడితే దానంతట అదే పరిగెత్తుతుంది.

డ్రిల్లు చూడ్డానికి ఇంత క్రూరంగా ఉండదు. దాని ప్రమాదం వేగంలో కాదు, మెలిలో ఉంది. మామూలు 18 వోల్టుల డ్రిల్లు 50 న్యూటన్ మీటర్ల మెలిబలం ఇస్తుంది. బిట్టు ఇనుములోనో, కాంక్రీటులోని కడ్డీకి తగిలో ఒక్కసారిగా ఆగిపోతే, బిట్టుకు బదులు డ్రిల్లు తిరగాలని చూస్తుంది. ఇరవై సెంటీమీటర్ల పక్క పిడి పట్టుకున్నవాడికి అది పాతిక కిలోల బరువుతో కొట్టినట్టు. పక్క పిడి లేకుండా ఒంటి చేత్తో పట్టుకున్నవాడికి మణికట్టు పోయినట్టే. ఆశ్చర్యమేమిటంటే గేరు 2లోని వేగం కన్నా గేరు 1లోని నెమ్మదే ఇక్కడ ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే మెలిబలం అక్కడే ఎక్కువ. బిట్టు ఇరుక్కోవడం అనుభవం లేనివాళ్లకే జరిగే పని కూడా కాదు. 1971లో అపోలో 15 వ్యోమగాములు బ్యాటరీ డ్రిల్లుతో చంద్రుడి నేలలో రంధ్రం వేస్తే గొట్టం అక్కడే బిగుసుకుపోయింది. దాన్ని పైకి లాగడానికి ఇద్దరూ భుజాలు పెట్టాల్సి వచ్చింది, డేవిడ్ స్కాట్ భుజం పట్టేసింది కూడా.

చేతి తొడుగుల విషయంలో రెండింటికీ ఒకే సలహా పనికిరాదు. గ్రైండర్‌కు చేతికి సరిగ్గా పట్టే తోలు తొడుగు మంచిది. తిరిగే డ్రిల్లు బిట్టు దగ్గర వదులైన నూలు తొడుగు ప్రమాదం. ఒక్క దారం చుట్టుకుంటే వేళ్లను లోపలికి లాక్కుపోతుంది. మెడలోని గమ్ఛా, పొడుగు చేతుల చొక్కా, చున్నీ, విరబోసిన జుట్టు అన్నీ ఇదే లెక్కలోకి వస్తాయి. ఇనుప తీగల బ్రష్షు తగిలించిన గ్రైండర్‌కు గమ్ఛా అంటే మరీ ఇష్టం. భిలాయ్ ఎండలో చెమట తుడుచుకోవడానికి అది కావాల్సిందే, పని సేపు మాత్రం మేకుకు తగిలించాలి.

బ్యాటరీ డ్రిల్లుతో షాకు కొట్టదన్న నమ్మకం కూడా అంతే. యంత్రంలో 18 వోల్టులే ఉండొచ్చు. గోడలో ఉన్నది 230. బిట్టు గోడలోపలి వైరును కొరికితే దాని ఇనుప చక్కులోకి ఆ కరెంటు వస్తుంది. స్విచ్ బోర్డుకు సరిగ్గా పైనా కిందా రంధ్రం వేయకపోవడం, వేయక తప్పకపోతే మెయిన్ ఆపేయడం ఒక్కటే మార్గం. తీగ లేని యంత్రానికి మెయిన్ ఆపినా పని ఆగదు కదా. తీగ లేకపోవడం నిజంగా అక్కరకొచ్చే సందర్భం ఇదే, దాన్నెవరూ వాడుకోరు.

ఇక కళ్లు. గ్రైండర్ పట్టినవాళ్లలో కంట్లో నలుసు పడనివాళ్లు అరుదు. షాపులో దానికి ఒక వైద్యం ఉంటుంది. పక్కవాడు రెప్ప తిరగేసి రుమాలు కొసతోనో అగ్గిపుల్లతోనో తీసేస్తాడు. అది మామూలు దుమ్ము కాదు, కాలి ఎర్రబడిన ఇనుము. నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొరలో దిగబడి, గంటల్లోనే తుప్పు పట్టడం మొదలుపెడుతుంది. నలుసు ఊడినా చుట్టూ తుప్పు వలయం మిగులుతుంది. అగ్గిపుల్ల గీరుడుకు పుండు పడితే మచ్చ ఉండిపోతుంది, మచ్చ సరిగ్గా నడిమధ్య పడితే చూపు ఇక మసకే. కొందరు మందుల షాపులో మొద్దుబారేట్టు చేసే చుక్కలు కొని వేసుకుంటారు. నొప్పి పోతుంది, కానీ పదేపదే వేస్తే పొర మానే శక్తే పోతుంది. ఆ చుక్కలు కంటి వైద్యుడి చేతిలో ఉండాల్సినవి.

అసలు భయపడాల్సిన గాయం మాత్రం పెద్దగా నొప్పే పెట్టదు. వేగంగా వచ్చిన సన్న ముక్క కనుగుడ్డును చీల్చుకుని లోపలికి పోతే బయట ఎర్రటి చుక్క తప్ప ఏమీ కనబడకపోవచ్చు. సాయంత్రానికి చూపు తగ్గుతుంది. అలాంటి అనుమానం ఉంటే కన్ను నలపకూడదు, నీళ్లతో కడగకూడదు, ఒత్తిడి పడకుండా కాగితపు కప్పు లాంటిది అడ్డం పెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఇనుము పని చేస్తుండగా తగిలిందని అక్కడ తప్పక చెప్పాలి. లోపల ఇనుప ముక్క ఉందేమోనన్న అనుమానం తీరేదాకా ఎంఆర్ఐ తీయరు. ఆ అయస్కాంతం ముక్కను కదిలించి కంటిని చీలుస్తుంది.

చదువుకునే కళ్లద్దాలు ఈ పనికి చాలవు, పక్కలు ఖాళీ. నల్ల కళ్లద్దాలు అసలే కావు. పక్కలు మూసి ఉన్న గాగుల్స్ కావాలి. ముఖాన్ని కప్పే పారదర్శకపు షీల్డు పెట్టుకుంటే ఇంకా మంచిది, అయితే దాని లోపల గాగుల్స్ కూడా ఉండాలి. గడ్డం కిందనుంచి ఎగిరొచ్చే రవ్వను షీల్డు ఆపలేదు. పట్టుకుని నిలబడ్డ సహాయకుడికి, తొంగిచూసే పిల్లలకు కూడా ఇదే వర్తిస్తుంది. గోడ, టైల్సు కోసేటప్పుడు లేచే తెల్లటి దుమ్ములో సిలికా ఉంటుంది. గమ్ఛా దాన్ని ఆపదు. కోవిడ్ పుణ్యమా అని ఎన్95 మాస్కు ఏమిటో ఇప్పుడు ప్రతి ఇంటికీ తెలుసు. సిలికోసిస్ వస్తే మళ్లీ మామూలైపోయే ఊపిరితిత్తులు లేవు.

నిప్పురవ్వల సంగతి ఉక్కు నగరానికి చెప్పడం హనుమంతుడి ముందు కుప్పిగంతులే. అయినా ఖాళీ నూనె డ్రమ్మును నిలువునా కోసి తొట్టి చేయడం ఎక్కడా ఆగలేదు. ఖాళీ డ్రమ్ములో మిగిలేది ఆవిరి. నిండు డ్రమ్ము కన్నా అదే తొందరగా పేలుతుంది. గ్యాస్ వాసన ఉన్న వంటింట్లో గ్రైండరే కాదు, బ్యాటరీ డ్రిల్లు కూడా వాడకూడదు. మామూలు రకం మోటారు లోపల బ్రష్షుల దగ్గర మెరుపులు ఎప్పుడూ ఉంటాయి. బ్యాటరీతో నడుస్తుంది కాబట్టి నిప్పు రాదనుకోవడం పొరపాటు.

బ్యాటరీకి దానిదైన ఒక భాష ఉంది, అందులో అబద్ధాలు కూడా ఉన్నాయి. 18 వోల్టుల బ్యాటరీలో ఐదు సెల్స్ వరుసగా ఉంటాయి. నిండుగా చార్జి అయినప్పటి లెక్క చెప్పి కొందరు దాన్నే 20 అంటారు, ఇంకొందరు 21. అక్కడిదాకా ఫరవాలేదు. చవక పెట్టెల మీద 48, 88, ఇంకా పైన అంకెలు అచ్చు వేసి కనిపిస్తాయి. తెరిచి చూస్తే అవే ఐదు సెల్స్. అంకెతోనే ఇంత బొంకినవాడు లోపలి రక్షణ సర్క్యూటులో నిజాయితీ చూపిస్తాడని నమ్మడం కష్టం. భిలాయ్‌లో మే నెల ఎండ 45 డిగ్రీలు తాకుతుంది. లిథియం బ్యాటరీని 40 దాటిన వేడిలో చార్జి చేయొద్దని తయారీదారులే రాస్తారు. ఎండలో పనిచేసి కాలిపోతున్న బ్యాటరీని నేరుగా చార్జరుకు పెట్టకుండా నీడలో చల్లారనివ్వాలి. మేకులున్న సంచిలో బ్యాటరీ విడిగా పడేస్తే రెండు కొసలు కలిసి మంట రావచ్చు. ఉబ్బిన బ్యాటరీకి మరమ్మతు లేదు.

చట్టం ఈ విషయంలో ఏమీ చెప్పలేదని కాదు. ముక్కలు ఎగిరే పనుల్లో తెరలో గాగుల్సో ఇవ్వాలని నిబంధనలు పెట్టే అధికారం 1948 ఫ్యాక్టరీల చట్టం 35వ సెక్షన్‌లోనే రాష్ట్రాలకు ఉంది. కానీ కరెంటుతో నడిచే చోట పది మంది పనివాళ్లుంటేనే అది ఫ్యాక్టరీ. 2025 నవంబరు 21న దాని స్థానంలో అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్‌లో ఆ సంఖ్య ఇరవై అయింది. నందినీ రోడ్డు మీద ముగ్గురు నలుగురితో నడిచే గ్రిల్ షాపు అప్పుడూ ఆ లెక్కలోకి రాలేదు, ఇప్పుడూ రాదు. ఇల్లిల్లూ తిరిగి తలుపులు బిగించే ఒంటరి మిస్త్రీ గురించి అడగనే అక్కర్లేదు. అతనికి గాగుల్స్ కొనిచ్చే యజమాని లేడు. రోజు కూలీ పోతుందన్న భయంతోనే నలుసును అగ్గిపుల్లతో తీయించుకుంటాడు. పనికి పిలిచిన ఇంటివాళ్లు మంచినీళ్లు ఇచ్చినట్టే ఒక జత గాగుల్స్ కూడా ఇవ్వగలరు. అడగ్గా పెట్టుకోనివాళ్లు తక్కువే.

సెప్టెంబరు 18న షాపులు మళ్లీ తెరుచుకుంటాయి. గ్రైండర్ మీది దండ వాడిపోయి ఉంటుంది, కుంకుమ సగం రాలిపోయి ఉంటుంది. దాన్ని తుడిచేటప్పుడు బ్యాటరీ లాగి పక్కన పెట్టి, రింగు మీది తేదీ చూసి, డబ్బా అడుగున నట్లూ బోల్టుల కింద తుప్పుపడుతున్న గార్డును బయటికి తీయాలి. దాన్ని బిగించడానికి ఒక్క స్క్రూ చాలు. కొత్త మోడళ్లలో అదీ అక్కర్లేదు, లివరు నొక్కి తిప్పితే కూర్చుంటుంది.